చిన్న చేతులు – ఇంటి పనులు



ఈ వారం మీతో ఒక చిన్న విషయం ముచ్చటించాలని ఉంది. విషయం చిన్నదే. కాని మన ఇళ్ళలో రోజూ చాలా తగవులు దాని దగ్గరే మొదలవుతాయి. మన పిల్లల స్వభావం కూడా చాలావరకు అక్కడే తయారవుతుంది. అదే ఇంటి పని.

కొంతకాలం క్రితం ఇళ్ళ దర్శనానికి రాజోలు వైపు ఒక ఊరు వెళ్ళాను. నేను అడుగుపెట్టిన ఇంట్లో తల్లి లేదు, కువైట్‌లో ఉంది. తండ్రి కొబ్బరి దింపుకు వెళ్ళాడు. ఇంటి దగ్గర మామ్మ, ముగ్గురు పిల్లలు ఉన్నారు. పన్నెండేళ్ళ పెద్దమ్మాయి బోరింగు దగ్గర అంట్లు తోముతోంది. తొమ్మిదేళ్ళ అబ్బాయి అరుగు మీద కూర్చుని సెల్‌ఫోన్‌లో ఆట ఆడుకుంటున్నాడు. నాలుగేళ్ళ చిన్నవాడు పెద్ద ఈనెల చీపురు రెండు చేతులా పట్టుకుని వాకిట్లో చెత్తను అటూ ఇటూ తోస్తున్నాడు.

నన్ను చూడగానే మామ్మ గాభరాగా లేచింది. "మగపిల్లాడివి, నీకెందుకురా చీపురు!" అని వాడి చేతిలోంచి లాక్కుంది. వాడు ఏడుపు అందుకున్నాడు. "రండి ఫాదర్ గారండీ, కూర్చోండి" అని నాకు కుర్చీ వేసి, "ఏమే, ఫాదర్ గారికి మంచినీళ్ళు పట్రా" అని మనుమరాలిని కేకేసింది. అరుగు మీది అబ్బాయి తల ఎత్తలేదు.

"చిన్నపిల్లలు వాకిలి ఊడిస్తే చుట్టాలొస్తారంటారు కదమ్మా. వాడు ఊడ్చాడు, నేను వచ్చాను" అన్నాను. అందరం నవ్వుకున్నాం. ప్రార్థన చేసుకున్నాం. కాని తిరిగి వస్తున్నంతసేపూ ఆ ముగ్గురు పిల్లలే నా కళ్ళముందు ఉన్నారు. పని చేస్తానని వచ్చినవాడిని ఆపేశాం. చేయగలిగినవాడిని వదిలేశాం. చేస్తున్న పిల్ల నెత్తిమీదే మిగిలినదంతా పెట్టాం. ఇది ఆ ఒక్క ఇంటి సంగతే అయితే నేను ఈ పేజీలో రాసేవాణ్ణి కాదు. మన విచారణల్లో ఇటువంటి ఇళ్ళు ఎన్నో చూశాను. కనుక ఆ ముగ్గురినీ ఒక్కొక్కరినే తీసుకుని ఆలోచిద్దాం.

చీపురు పట్టిన చిన్నవాడు

మూడు నాలుగేళ్ళ పిల్లలకు పని అంటే బద్ధకం లేదు. అమ్మ చపాతీ వత్తుతుంటే పిండి ముద్ద అడుగుతారు. నాన్న సైకిలు తుడుస్తుంటే గుడ్డ అడుగుతారు. అది ఆట అని మనం అనుకుంటాం. కాని వారి మనసులో అది ఆట ఒక్కటే కాదు. మనతోపాటు ఉండాలని, మనలో ఒకరు కావాలని వారి కోరిక.

జర్మనీలో ఇద్దరు శాస్త్రజ్ఞులు, వార్నెకెన్, తోమసెల్లో అనేవారు, 2006లో ఒక పరిశోధన ప్రకటించారు. ఏడాదిన్నర వయసున్న పిల్లల ఎదుట ఒక పెద్దాయన బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడుస్తాడు. చెయ్యి చాపినా దానిని అందుకోలేకపోతాడు. సాయం చేయమని పిల్లలను అడగడు. ఇటువంటి ఇబ్బందులే మరికొన్ని కల్పించి చూశారు. 24 మంది పిల్లల్లో 22 మంది కనీసం ఒక్కసారైనా తమంతట తాము లేచి వెళ్ళి సాయం చేశారు. ఇంకా మాటలు కూడా సరిగా రాని పిల్లలు! అంటే సాయపడే గుణం మనం బయటినుంచి తెచ్చి పిల్లల్లో పెట్టనక్కరలేదు. ఉన్నదానిని ఆర్పకుండా ఉంటే చాలు.

మరి మనం ఎలా ఆర్పుతున్నాం? "నువ్వు చేస్తే రెండింతల పని, పక్కకు పో" అంటాం. ఆ మాట అబద్ధం కాదు. నాలుగేళ్ళవాడు ఊడిస్తే పది నిమిషాల వాకిలి అరగంట పడుతుంది. చెంబుతో నీళ్ళు తెస్తే సగం దారిలోనే ఒలుకుతాయి. పొయ్యి మీద అన్నం, బడికి వెళ్ళే పిల్లలు, పనికి వెళ్ళే భర్త, వీటన్నిటి మధ్య తల్లికి ఓపిక ఎక్కడిది? కాని ఒక్క సంగతి గమనించండి. నాలుగేళ్ళప్పుడు "పో" అనిపించుకున్న పిల్లవాడే పదేళ్ళప్పుడు పిలిచినా రాడు. అప్పుడు మనం వాడిని సోమరి అంటాం. మెక్సికోలోని ఆదివాసీ సంప్రదాయపు కుటుంబాలను ఏళ్ళ తరబడి పరిశీలించిన బార్బరా రోగోఫ్ అనే అమెరికా ఆచార్యురాలు, ఆమె సహచరులు కూడా దాదాపు ఇదే చెప్పారు. అక్కడి తల్లులు పసిపిల్లల సాయం పనికి అడ్డమైనా వారిని దూరం పెట్టరు. ఆ పిల్లలు ఆరు నుంచి ఎనిమిదేళ్ళ వయసుకు వచ్చేసరికి చెప్పించుకోకుండానే పనిలో చెయ్యి వేస్తారు.

శిశువిద్యలో పేరుపొందిన మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరంలోని ఒక పేదవాడలో పిల్లల కోసం మొదటి ఇల్లు తెరిచింది. పసిపిల్లలు ఊడ్వడం, నీళ్ళు వంచడం, గుడ్డలు మడవడం కూడా చదువులో భాగమే అని ఆమె చూపింది. పిల్లల చేతికి సరిపోయే చిన్న చీపుర్లు, చిన్న కూజాలు అక్కడ ఉంచింది. ఆ తల్లి 1939లో మన మద్రాసుకు వచ్చి, యుద్ధం కారణంగా 1946 వరకు ఈ దేశంలోనే ఉండి, ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. చిన్న చీపురు కోసం మన కోనసీమలో కొట్టుకు వెళ్ళవలసిన పని కూడా లేదు. దొడ్లో రాలిన కొబ్బరాకు తీసుకుని, ఈనెలు గీసి, పొట్టిగా కోసి, పిల్లవాడి గుప్పిట్లో పట్టేటంత కట్ట కట్టండి. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని కట్టండి. అది వాడి చీపురు అవుతుంది.

అరుగు మీది అబ్బాయి

ఇక రెండోవాడు. వాడు చెడ్డవాడు కాడు. "మగపిల్లాడివి, నీకెందుకురా" అన్న మాట వాడు కూడా నాలుగేళ్ళప్పుడు విని ఉంటాడు. బాగా నేర్చుకున్నాడు, అంతే.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు అరిస్టాటిల్ చెప్పిన ఒక సంగతి మాకు బోధించారు. ఇళ్ళు కట్టగా కట్టగా మనిషి తాపీమేస్త్రి అవుతాడు. అట్లే న్యాయమైన పనులు చేయగా చేయగా న్యాయవంతుడు అవుతాడు. సుగుణం వినడం వల్ల రాదు, చేయడం వల్ల వస్తుంది. మన దింపు కార్మికుడిని అడిగినా ఇదే చెబుతాడు. కొబ్బరి చెట్టు ఎక్కడం పుస్తకం చదివి ఎవరూ నేర్చుకోలేదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. రోజూ తాను తిన్న కంచం మరొకరు తీస్తుంటే చూస్తూ కూర్చున్న పిల్లవాడు కూడా ఒకటి నేర్చుకుంటున్నాడు. ఇంట్లో కొందరు సేవ చేయడానికి, కొందరు చేయించుకోవడానికి పుట్టారని నేర్చుకుంటున్నాడు. ఇది కూడా అలవాటే. ఇరవై ఏళ్ళ తరువాత ఒక కోడలు దాని ఫలితం అనుభవిస్తుంది.

భారత ప్రభుత్వం 2019లో దేశమంతటా ప్రజలు కాలం ఎలా గడుపుతున్నారో లెక్క తీసింది. ఆరేళ్ళు నిండిన వారందరినీ అందులో చేర్చింది. ఒక రోజులో తమ ఇంటి పని ముట్టుకున్న ఆడవారు నూటికి 81 మంది, మగవారు 26 మంది. ఆ చేసినవారిలో కూడా ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు చేశారు. అంటే ఆడవారికి దాదాపు ఐదు గంటలు. ఈ తేడా పెళ్ళినాడు మొదలుకాలేదు. అరుగు మీద, బోరింగు దగ్గర, చిన్ననాడే మొదలైంది.

ఈ మాట నేను ఎవరినో వేలెత్తి చూపుతూ రాయడం లేదు. గురువిద్యాలయానికి వెళ్ళేవరకు నేను ఒక్క కంచం కడిగి ఎరుగను. ఇంట్లో నాకంటే మూడేళ్ళు పెద్ద అక్క ఉండేది. అమ్మ చేలో పనికి వెళ్తే ఇల్లంతా అక్కే చూసేది. ఏడో తరగతిలో దానిని బడి మానిపించారు. "తమ్ముడు చదువుకోవాలి కదా" అన్నారు. అది నోరు మెదపలేదు. నేను వెళ్ళిన చోట మా గిన్నెలు మేమే తోముకోవాలి, గదులు మేమే ఊడ్చుకోవాలి. మొదటివారం గిన్నెలకు బూడిద ఎంత పట్టించాలో తెలియక తోటి పిల్లల నవ్వులపాలయ్యాను. ఆ పని చేతికి వచ్చాకగాని అక్క చేసినదంతా పని అని నాకు తెలియలేదు. తరువాత నేను సుగుణాల గురించి పెద్ద పెద్ద పుస్తకాలు చదివి డిగ్రీ పుచ్చుకున్నాను. అక్క ఇప్పటికీ చదవలేక ఉత్తరాలు పిల్లలచేత చదివించుకుంటుంది. చిన్నప్పుడు నేను రోజుకు అరగంట పని పంచుకుని ఉంటే దాని బడి నిలిచేదో లేదో చెప్పలేను. అడగాలనే ఆలోచనే నాకు రాలేదు. నా బాధ అది.

మగపిల్లలకు వంటింటి పని నామోషీ అనేవారు ఒక్కసారి యోహాను సువార్త 21వ అధ్యాయం తెరవండి. ఉత్థానుడైన ప్రభువు తిబేరియా సరస్సు ఒడ్డున నిప్పులు రాజేసి, వాటి మీద చేప పెట్టి, రొట్టె సిద్ధంచేసి, రాత్రంతా వల వేసి అలసిపోయి వచ్చిన శిష్యులను పిలిచి వడ్డించాడు. దానికి ముందు, కడరా భోజనంనాడు, నడుముకు తువాలు చుట్టుకుని పళ్ళెంలో నీళ్ళు పోసి వారి కాళ్ళు కడిగాడు. నజరేతు ఇంట్లో మరియమ్మ, జోజప్పల దగ్గర పెరిగిన బిడ్డకు ఈ పనులు కొత్త కావు.

బోరింగు దగ్గరి అమ్మాయి

ఇప్పుడు ఆ పెద్దమ్మాయి. ఈ వ్యాసం ఆ పిల్ల కోసమే రాస్తున్నాను అనుకోండి. పిల్లలకు పని నేర్పమని నేను చెబుతున్నాను గనుక, ఆ పిల్ల చేత ఇంకా పని చేయించమన్నట్లు ఎవరూ అనుకోకూడదు.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు ప్రాంతాల నుంచి ఎందరో తల్లులు కువైట్, మస్కట్, ఖతర్ వంటి దేశాలకు ఇంటి పనికి వెళ్ళారు. పరాయి ఇంట్లో గిన్నెలు తోమి, పరాయి పిల్లలకు నీళ్ళు పోసి, తమ పిల్లల ఫీజులకు డబ్బు పంపుతున్నారు. ఆ త్యాగాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. కాని తల్లి వెళ్ళిన ఇంట్లో ఆమె పని ఎక్కడికీ వెళ్ళదు. అది ఇంట్లోనే ఉండి ఎవరో ఒకరి మీద పడుతుంది. చాలా ఇళ్ళలో పెద్ద కూతురి మీద పడుతుంది. ఏ పిల్ల చదువు కోసం తల్లి సముద్రం దాటిందో, ఆ పిల్ల చదువే గిన్నెల దగ్గర ఆగిపోతే ఆ తల్లి కష్టానికి ఏమి ఫలితం?

సాయానికి, బరువుకు తేడా తెలుసుకోవడం కష్టం కాదు. పని వల్ల బడి పోతోందా? పాఠం చదువుకునే వేళ పోతోందా? నిద్ర తగ్గుతోందా? తోటిపిల్లలతో ఆడుకునే సాయంత్రం ఒక్కటైనా మిగలడం లేదా? వీటిలో ఒక్కదానికి "అవును" అని జవాబు వచ్చినా అది నేర్పడం కాదు, మోయించడం. రంగారెడ్డి జిల్లాలో వేలాది పిల్లలను పనినుంచి బడికి చేర్చి, 2003లో మెగసెసే అవార్డు అందుకున్న శాంతా సిన్హా గారి సంస్థ మొదటినుంచీ ఒక్క మాట మీద నిలబడింది. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే. కూలికి వెళ్ళినా, ఇంట్లో తమ్ముడిని ఎత్తుకున్నా ఒక్కటే. చట్టం కూడా స్పష్టంగానే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు బడి హక్కు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదంది. సొంత కుటుంబానికి సాయం కూడా బడి వేళలు దాటాకనే, సెలవుల్లోనే, ప్రమాదం లేని పనుల్లోనే.

అమ్మాయి బరువు దించడానికి దారి ఒక్కటే. ఆ పనిని నలుగురూ పంచుకోవాలి. ఆ నలుగురిలో మొదటివాడు తండ్రి. తండ్రి తన కంచం తాను కడిగితే కొడుకుకు ఉపన్యాసం అక్కరలేదు. గల్ఫ్‌లో ఉన్న తల్లులకు కూడా ఒక మనవి. ఫోన్ చేసినప్పుడు "అక్క వండిందా, అక్క ఉతికిందా" అని మాత్రమే అడగకండి. "ఈ రోజు నువ్వేం చేశావు నాన్నా?" అని కొడుకును కూడా అడగండి. అమ్మ అడుగుతుందని తెలిస్తే వాడు చేస్తాడు.

ఎలా నేర్పాలి?

చూపించాలి, కలిసి చేయాలి, తరువాత వదిలిపెట్టాలి. ఈ మూడు మెట్లలో మనం మధ్యది దాటేస్తాం. ఒకసారి చూపించి "ఇక చెయ్యి" అంటాం. పిల్లలు తప్పు చేసేది అక్కడే. కొన్నాళ్ళు పక్కనే కూర్చుని కలిసి చేయండి. చదువూ, కబుర్లూ, జపమాలా కూడా ఆ పనిలోనే సాగుతాయి.

వయసును బట్టి కొన్ని పనులు సూచిస్తున్నాను.

మూడు, నాలుగేళ్ళవారు: విడిచిన బట్టలు బుట్టలో వేయడం, చెప్పులు వరుసగా పెట్టడం, కోళ్ళకు గింజలు చల్లడం, ఒలికిన నీళ్ళు గుడ్డతో అద్దడం.

ఐదు నుంచి ఏడేళ్ళవారు: భోజనానికి కంచాలు, మంచినీళ్ళు పెట్టడం, తిన్న కంచం కడగడం, చిక్కుడు, బఠాణీ వలవడం, ఆరిన బట్టలు మడవడం, మొక్కలకు నీళ్ళు పోయడం.

ఎనిమిది నుంచి పదేళ్ళవారు: వాకిలి ఊడ్వడం, పక్కలు ఎత్తడం, బియ్యంలో రాళ్ళు ఏరడం, చింతపండు పిక్కలు తీయడం, దగ్గరి కొట్టునుంచి సరుకు తెచ్చి చిల్లర లెక్క అప్పజెప్పడం.

పదకొండు దాటినవారు: పెద్దలు పక్కనుండగా అన్నం వండడం, తమ బట్టలు ఉతుక్కోవడం, ఊడిన గుండీ కుట్టుకోవడం. ఇవన్నీ అబ్బాయిలకూ, అమ్మాయిలకూ సమానమే.

జాగ్రత్తలు కూడా వినండి. మనది కాలువల సీమ. ఎంత దగ్గరైనా చిన్నపిల్లలను ఒంటరిగా రేవుకు గిన్నెలతో, బట్టలతో పంపకండి. గంజి వార్చడం, మరిగే నూనె, కత్తిపీట, తడిచేత్తో మోటారు స్విచ్చి వేయడం, ఇవి పసివారి పనులు కావు.

ఒక్కొక్కరికి ఒక్క పని సొంతంగా అప్పగించండి. "కోళ్ళ గూడు బాధ్యత నీది" అంటే పిల్లవాడి నడకే మారుతుంది. రోజుకొక పని చెబితే అది కూలి అవుతుంది. ఒకే పని నమ్మి ఇస్తే అది బాధ్యత అవుతుంది.

పనిని శిక్షగా వేయకండి. "అబద్ధం ఆడావు, పో, అంట్లు తోము" అంటే పిల్లవాడికి రెండు అర్థమవుతాయి. అంట్లు తోమడం నీచమైన పని అని, రోజూ తోమే అమ్మ ఏదో శిక్ష అనుభవిస్తోందని.

డబ్బు ఆశ కూడా పెట్టకండి. నేను పైన చెప్పిన శాస్త్రజ్ఞులే 2008లో మరొక పరీక్ష ప్రకటించారు. ఇరవై నెలల పిల్లల్లో కొందరికి సాయం చేసిన ప్రతిసారీ చిన్న బహుమతి ఇచ్చారు. కొందరిని మెచ్చుకున్నారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. తరువాత బహుమతి లేకుండా చూస్తే, బహుమతికి అలవాటుపడ్డ పిల్లలే మిగిలినవారికంటే తక్కువ సాయం చేశారు. అమ్మకు చేసిన సాయానికి ధర కడితే అది బేరం అవుతుంది. దానికి బదులు "నువ్వు నీళ్ళు పెట్టావు కాబట్టి అందరం వేళకు తిన్నాం" అనండి. కీర్తిశేషులైన ఫ్రాన్సిస్ పోపు గారు 2016లో కుటుంబ ప్రేమ గురించి రాసిన లేఖలో ఇంట్లో వినబడవలసిన మూడు మాటలను గుర్తుచేశారు. దయచేసి అని అడగడం, కృతజ్ఞత చెప్పడం, క్షమించమనడం. ఇవి పిల్లలు పెద్దలకు చెప్పవలసినవి మాత్రమే కావు. పెద్దలు పిల్లలకు కూడా చెప్పాలి.

మళ్ళీ ఆ ఇంటికి

రెండు నెలల తరువాత ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళాను. అద్భుతం ఏమీ జరగలేదు. సెల్‌ఫోన్ అరుగు మీదే ఉంది. కాని తండ్రి చిన్నవాడికి పొట్టి చీపురు కట్టి ఇచ్చాడు. వాకిట్లో సగం మేర వాడి గీతలు కనబడుతున్నాయి. పెద్దమ్మాయి లోపల పుస్తకం ముందు కూర్చుంది. తొమ్మిదేళ్ళవాడు తన కంచమూ, తమ్ముడి కంచమూ కడిగి బోర్లించి వెళ్ళాడు. వాడు గుమ్మం దాటగానే మామ్మ ఆ కంచాలు తీసి మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. "జిడ్డు పోలేదండీ ఫాదర్ గారూ" అంది మెల్లగా. "పోదులెండమ్మా, వారం పది రోజులు పోదు. మళ్ళీ తోముకోండి, కాని వాడి ఎదుట మాత్రం తోమకండి" అన్నాను.

మీకు చెప్పేది కూడా అదే. జిడ్డు కొన్నాళ్ళు ఉంటుంది. గీతలు వంకరగా ఉంటాయి. నీళ్ళు ఒలుకుతాయి. మనం నేర్పేది కంచం కడగడం ఒక్కటే కాదు. ఈ ఇల్లు నాది, ఇందులోని వారి కష్టం నాది అనే మనసును నేర్పుతున్నాం. అది కొంచెం ఆలస్యంగానే వస్తుంది.

ఈ వారం ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని మాట్లాడుకోండి:

1. మన ఇంట్లో రోజూ జరిగే పనులు ఎన్ని? ఏ పని ఎవరు చేస్తున్నారు? ఒక కాగితం మీద రాయండి.

2. ఆ కాగితం మీద ఎక్కువసార్లు వచ్చిన పేరు ఎవరిది? అసలు రాని పేరు ఎవరిది?

3. ఎక్కువ వచ్చిన పేరు కింద ఒక్క పని కొట్టివేసి, రాని పేరు కింద రాయండి. ఆ రాని పేరు తండ్రిదే అయితే ఈ రాత్రి కంచం నుంచే మొదలుపెట్టండి.

నజరేతు పవిత్ర కుటుంబం మీ ఇళ్ళను కాచి కాపాడును గాక.